పనితావున స్త్రీ గౌరవము: యజమాని పూచీ

ఆడుపిల్ల గడప దాటి చదువుకొనవచ్చునా యని ఒక తరమువారు వాదించుకొనిరి. చదివిన స్త్రీ కొలువు చేయవచ్చునా యని తరువాతి తరమువారు వాదించుకొనిరి. ఆ రెండు వాదములును నేటికి ముగిసినట్లే. పాఠశాలలయందును, వైద్యశాలలయందును, కచేరీలయందును, కర్మాగారములయందును స్త్రీలు పనిచేయుచున్నారు. పొలములలోను, గిడ్డంగులలోను, కట్టడముల కడను వారు పనిచేయుట ఎన్నడును ఉన్నదే. అయినను ఆ వాదములలో ఎవరును తాకని ప్రశ్న యొకటి మిగిలిపోయినది. పనికి పోయిన స్త్రీని అచ్చట నొకడు చెడుమాట పలికినను, చేయి పట్టుకొనినను, ఉద్యోగమును ఎరగా జూపి లొంగదీసికొన జూచినను, దానికి జవాబు చెప్పవలసినవాడెవడు? ఆ పురుషుడొక్కడేనా? ఆమెను పనికి బిలిచి, జీతమిచ్చి, ఆమె శ్రమవలన లాభము పొందు యజమానికి అందులో పూచీ లేదా?

ఈ ప్రశ్నకు మన దేశపు శాసనము 2013వ సంవత్సరమున స్పష్టమైన సమాధానము చెప్పినది. ఆ చట్టము పేరు వినని విద్యావంతులు నేడు తక్కువ; దాని మూలమందున్న యూహను గ్రహించినవారును తక్కువే. చట్టమనగా ఫిర్యాదు, విచారణ, శిక్ష యని మాత్రమే పలువురు తలంచుచున్నారు. దాని ప్రధానోద్దేశము అది కాదు. జరిగిన పిమ్మట శిక్షించుట ప్రభుత్వము పని. జరుగకుండ జూచుట యజమాని పని. ఈ చిన్న మాట శాసనములోనికి ఎక్కుటకు ఎంత కాలము పట్టినదో, దానికై ఎవరు మూల్యము చెల్లించిరో పాఠకులకు విన్నవింప దలచితిమి.

1860వ సంవత్సరపు భారత శిక్షాస్మృతిలో 354, 509 అను సెక్షనులుండెను. స్త్రీ మర్యాదకు భంగము కలిగించు నుద్దేశముతో జేసిన దౌర్జన్యమును మొదటిదియు, ఆమె మర్యాదను అవమానించు నుద్దేశముతో నాడిన మాటను, చేసిన సైగను రెండవదియు నేరములుగా నెంచెను. ఇవి నిరుపయోగములని మేమనము. కాని వాని చూపు ఇఱుకైనది. నేరము చేసినవాడొకడు, దాని పాలైన స్త్రీ యొకతె, వారి నడుమ పోలీసువారును న్యాయస్థానమును: ఇంతియే ఆ సెక్షనులకు గనబడు లోకము. మిల్లు యజమానిగాని, కచేరీ పై యధికారిగాని, పాఠశాల పాలకవర్గముగాని ఆ లోకములో లేరు. పైగా ‘మర్యాద’ అను మాటయే స్త్రీమీద నొక బరువు మోపును. ఆమె ఎట్టిది, ఎట్లు నడచుకొనెను, ఆ వేళ అచ్చటికి ఏల పోయెను అను ప్రశ్నలు నిందితునికంటె ముందుగ ఆమెనే చుట్టుకొనును.

ఇట్లుండగా, యజమాని ముందుజాగ్రత్త పడవలెనను నూహ మన శాసనములకు తెలియనిదా? తెలిసినదే. 1881వ సంవత్సరపు కర్మాగారముల చట్టము ప్రమాదకరమైన యంత్రములచుట్టు కంచె కట్టవలెనని యజమానుల నాజ్ఞాపించెను. పనివాని చేయి చక్రములో నలిగిన పిమ్మట వాని యజాగ్రత్తను తిట్టి ప్రయోజనము లేదని శాసనకర్తలు గ్రహించిరి. 1923వ సంవత్సరపు పనివారల నష్టపరిహార చట్టము మఱియొక యడుగు ముందునకు వేసెను. కొన్ని మినహాయింపులు దక్క, పనిలో కలిగిన గాయమునకు యజమాని తప్పున్నను లేకున్నను అతడే పరిహారమీయవలెనని యది విధించెను. 1948వ సంవత్సరపు కర్మాగారముల చట్టము స్త్రీలకు వేఱుగా మరుగుదొడ్లును, స్త్రీలు ఎక్కువగా పనిచేయుచోట పసిబిడ్డలకు శిశుగృహములును ఉండవలెనని నిర్ణయించెను. ఇనుముచేత గాయము కలుగకుండ జూచుట యజమాని విధి యని ఒప్పుకొన్న శాసనము, మనుష్యునిచేత గాయము కలుగకుండ జూచుట మాత్రము అతని విధి యని చెప్పుటకు మఱి నూఱేండ్లకు పైగా సంకోచించెను.

ఈ బాధ ఎచ్చట పుట్టునో తెలియక సంకోచించినదని చెప్ప వీలులేదు. మన దేశపు మిల్లులలో పనివారిని చేర్చుకొనుటయు తీసివేయుటయు చిరకాలము మేస్త్రీల చేతిలో నుండెను. 1929లో నియమింపబడి 1931లో నివేదిక సమర్పించిన విట్లీ కమీషను ఈ మేస్త్రీల యధికారమును, వారు పనివారియొద్ద గుంజు లంచములను నిరసించి, పనివారిని చేర్చుకొను వ్యవహారమును లేబరు ఆఫీసరుల కప్పగింపవలెనని సూచించెను. ఒక్క మనుష్యుని నోటిమాటపై కూడు ఆధారపడియున్నచోట పురుషుడు రూకలిచ్చి బ్రతుకును. స్త్రీని అతడు రూకలే యడుగునని నమ్మకమేమి? కావున ఈ దుష్కృత్యమునకు మూలము స్త్రీ కట్టులోను లేదు, బొట్టులోను లేదు; ఒకరి బ్రదుకుతెఱువు మఱొకరి యిష్టాయిష్టములపై వ్రేలాడుటలో నున్నది. మేస్త్రీకి ఆ యధికారమిచ్చినవాడు యజమాని. తానిచ్చిన యధికారమువలన కలిగిన కీడుతో తనకు సంబంధము లేదని అతడెట్లు చెప్పగలడు? యజమాని పూచీకి ఆధారమైన న్యాయమంతయు ఈ ప్రశ్నలోనే యిమిడియున్నది.

బాధకు పేరు లేనంతవఱకు ఫిర్యాదునకు మాట దొరకదు. నేడు మనము లైంగిక వేధింపు అనుచున్న దానికి ఆంగ్లమందలి పేరు 1975వ సంవత్సరమున, అమెరికాలోని ఇథాకా పట్టణమున ఉద్యోగినుల బాధలను గుఱించి కొందఱు స్త్రీలు జరిపిన యుద్యమముతో ప్రచారమునకు వచ్చెను. ఆ దేశమున 1964లో వచ్చిన పౌరహక్కుల చట్టపు ఏడవ భాగము, స్త్రీ యను కారణమున ఉద్యోగములో భేదము చూపరాదని అంతకు మునుపే విధించియుండెను. వేధింపు దుష్ప్రవర్తన మాత్రమే కాదు, స్త్రీపట్ల చూపు భేదభావమే యని న్యాయవాదులు ఈ రెంటిని ముడివేసి వాదించిరి. ఆ దేశపు సుప్రీముకోర్టు 1986లో ఒక బ్యాంకు ఉద్యోగిని వ్యాజ్యమున ఆ వాదము నంగీకరించెను. 1998లో అదే న్యాయస్థానము, పై యధికారి చేసిన వేధింపునకు యజమాని పూచీపడవలెనని తేల్చెను. ఉద్యోగము పోవుట మొదలగు ప్రత్యక్షనష్టము కలుగని యెడల మాత్రము, తాను తగిన నివారణోపాయములు ముందుగనే చేసితిననియు, ఆమె వానిని నిష్కారణముగా వినియోగించుకొనలేదనియు నిరూపించి యజమాని తప్పించుకొనవచ్చునని చెప్పెను. అనగా నివారించుటయే యజమానికి రక్షణమైనది.

మన దేశమున ఆ కాలమునకు పాత సెక్షనులే శరణ్యము. అవి ఎంత దూరము మోయగలవో తెలుపుటకు ఒక ప్రసిద్ధవ్యాజ్యము చాలును. 1988 జులైలో చండీగఢు నగరమున నొక విందులో పంజాబు పోలీసు డైరెక్టరు జనరలు కె.పి.యస్. గిల్ తనను అవమానించెనని రూపన్ దేవల్ బజాజ్ అను ఐ.ఏ.యస్. అధికారిణి ఫిర్యాదు చేసెను. హైకోర్టు ఆ ఫిర్యాదును కొట్టివేసెను. సుప్రీముకోర్టు 1995లో దానిని పునరుద్ధరించెను. 1996లో క్రింది న్యాయస్థానము నేరము రుజువైనదనెను. ఆ నిర్ణయము తుదకు సుప్రీముకోర్టున స్థిరపడునప్పటికి 2005వ సంవత్సరము వచ్చెను. అధికారమును, విద్యయు, ధైర్యమును గల స్త్రీకే పదునేడేండ్లు పట్టినచో, కూలినాలి చేసికొను స్త్రీ ఏమి చేయగలదు? ఇన్నేండ్ల వ్యవహారములోను న్యాయస్థానములు విచారించినది ఇద్దఱు వ్యక్తుల నడుమ నేరము జరిగెనా లేదా యను ప్రశ్ననే. వారిరువురిని పనిలో పెట్టుకొన్న ప్రభుత్వమునకు నివారణ విధి యేదియైన కలదా యను ప్రశ్నకు ఆ సెక్షనులలో చోటు లేదు.

ఆ చోటు కలుగుటకు రాజస్థానములోని యొక పల్లె కారణమైనది. అచ్చటి ప్రభుత్వము 1984లో స్త్రీల యభివృద్ధి కార్యక్రమమును ఆరంభించి, పల్లెలలోని స్త్రీలనే ఎన్నుకొని, కొద్దిపాటి గౌరవవేతనమునకు పనిలో నియమించెను. వారిని ‘సాథిన్’ అందురు. తోడుగా నుండునది యని యర్థము. జయపురమునకు సుమారు ఏబది కిలోమీటర్ల దూరమున నున్న భటేరీ గ్రామములో కుమ్మరి కులమునకు చెందిన భంవరీ దేవి 1985 నుండి ఈ పనిలో నుండెను. 1992లో అక్షయతృతీయ సమీపించగా, ఆ పర్వమున విరివిగా జరుగు బాల్యవివాహముల నాపుటకు ప్రభుత్వము పూనుకొనెను. ఏడాదియైన నిండని యొక పసిపాప పెండ్లి నాపుటకు భంవరీ దేవి యత్నించెను. మన సంస్కర్తలు తమ కాలమున ఏ దురాచారముతో పోరాడిరో, 1929లో శారదా చట్టము దేనిని నిషేధించెనో, ఆమె యెదిరించినదియు దానినే. భేదమొక్కటి: సంస్కర్తలు తమంత తాము పూనుకొనిరి; ఆమెకది అప్పగింపబడిన ఉద్యోగధర్మము.

ఊరివారు ఆమె కుటుంబమును వెలివేసిరి. 1992 సెప్టెంబరు 22వ తేదీన పొలములో, భర్త యెదుటనే, అయిదుగురు తనపై దౌర్జన్యము చేసిరనియు, వారిలో కొందఱు తనను చెఱచిరనియు ఆమె ఫిర్యాదు చేసెను. వైద్యపరీక్ష జరుగుటకే రెండు దినములు దాటెను. 1995 నవంబరులో జయపురపు న్యాయస్థానము నిందితులను అత్యాచార నేరమునుండి విముక్తులను జేసెను. అగ్రకులమువాడు తక్కువకులపు స్త్రీని తాకడను ధోరణి ఆ తీర్పులో గలదని దేశమంతట నిరసన చెలరేగెను. ఆమె తన పేరును దాచుకొనలేదు, ఊరును విడువలేదు. తప్పు చేసినవారు సిగ్గుపడవలెనుగాని తానేల సిగ్గుపడవలెనను పట్టుదలతో నిలిచెను.

ఇచ్చట శాసనమున నొక పెద్ద లోపము బయటపడినది. ఆమె పోరాటము సొంత పగ కాదు. ప్రభుత్వము చెప్పిన పని. ఆ పని యామెను ఊరిలోని బలవంతులకు ఎదురుగా నిలిపినది. వెలి మొదలైననాడే ఆమెకు ఆపద పొంచియున్నదని తెలియవలసినది. ఆ యాపదనుండి కాపాడు విధి పనిలో పెట్టుకొన్నవారిదని ఏ చట్టములోను వ్రాయబడియుండలేదు. పనికి పంపు హక్కు యజమానికి గలదు. పంపినచోట రక్షించు విధి అతనికి లేదు!

ఈ లోపమును విశాఖ అను సంఘమును, మఱికొన్ని సంఘములును 1992లోనే సుప్రీముకోర్టు నెదుట నుంచెను. విశాఖ యనగానే తెలుగువారికి విశాఖపట్టణము తోచును. ఇది జయపురమున నున్న స్త్రీల సేవాసంఘము పేరు. వారు కోరినది ఒక్క స్త్రీకి న్యాయము మాత్రమే కాదు. పనిచేయు స్త్రీలందఱ ప్రాథమిక హక్కులను పనితావులలో కాపాడుడని. ప్రధాన న్యాయమూర్తి జె.యస్. వర్మయు, న్యాయమూర్తులు సుజాతా మనోహరు, బి.యన్. కిర్పాలులును విని, 1997 ఆగస్టు 13వ తేదీన తీర్పు చెప్పిరి.

ఆ తీర్పులోని తర్కము తేటయైనది. రాజ్యాంగపు 14, 15 అధికరణములు సమానత్వమును, 19వ అధికరణము ఇష్టమైన వృత్తి చేయు స్వేచ్ఛను, 21వ అధికరణము గౌరవముతో గూడిన జీవనమును వాగ్దానము చేసినవి. పనితావు భద్రముగా లేనిచో స్త్రీకి ఈ హక్కులు కాగితముపై అక్షరములు మాత్రమే యగును. స్త్రీలపట్ల గల భేదములనెల్ల తొలగించుటకు 1979లో ఐక్యరాజ్యసమితి యామోదించిన యొడంబడికను భారతదేశము 1993లో ధ్రువపఱచియుండెను. దేశీయ శాసనము లేనిచోట, దానికి విరుద్ధము గాని అంతర్జాతీయ ధర్మమును రాజ్యాంగమున కన్వయించి చదువవచ్చునని న్యాయస్థానము నిశ్చయించెను. పార్లమెంటు చట్టము చేయువఱకు అన్ని పనితావులలోను పాటింపవలసిన నియమములను తానే యేర్పఱచెను.

ఆ నియమములలో మొట్టమొదటిదే మన విషయము. లైంగిక వేధింపులను నివారించుటయు, జరిగినచో పరిష్కార మార్గము చూపుటయు యజమాని విధి యని యది శాసించెను. ఇష్టములేని స్పర్శ, కోరిక తీర్చుమని యడుగుట, బూతుమాట, బూతుబొమ్మ చూపుట, ఇట్టి మఱే యవాంఛిత ప్రవర్తనయైనను వేధింపే యని నిర్వచించెను. ప్రతి సంస్థలోను స్త్రీ యధ్యక్షతన, సగమునకు తక్కువ గాకుండ స్త్రీలతో నొక సంఘముండవలెననియు, పై యధికారుల యొత్తిడి సోకకుండ వెలుపలివా రొకరు అందులో నుండవలెననియు చెప్పెను. మర్యాద యను మాట పోయి హక్కు అను మాట వచ్చినది; స్త్రీ ఎట్టిది యను ప్రశ్న పోయి, యజమాని ఏమి చేసెను అను ప్రశ్న వచ్చినది. భంవరీ దేవి విషయమై వేసిన అప్పీలు మాత్రము హైకోర్టున ఏండ్ల తరబడి సాగుచునే యుండెను. తన మూలమున లక్షలాది స్త్రీలకు లభించిన న్యాయము ఆమెకు లభింపలేదు. ఈ చరిత్రను జెప్పునపుడు ఆ మాటను మఱుగుపఱచుట ధర్మము గాదు.

తీర్పు వచ్చినంత మాత్రమున మనస్సులు మాఱవు. ఎగుమతుల ప్రోత్సాహక సంస్థ యొకదానిలో అధ్యక్షుని ఆంతరంగిక కార్యదర్శిని, తన క్రింద పనిచేయు ఉద్యోగినిని వేధించెనని సంస్థ తొలగించెను. అతడామెను తాకయత్నించెనేగాని తాకలేదు గదా యని హైకోర్టు అతనికి మఱల ఉద్యోగ మిప్పించెను. 1999 జనవరిలో సుప్రీముకోర్టు ఆ తీర్పును త్రోసివేసి, శరీరస్పర్శ లేకున్నను వేధింపు వేధింపే యని స్పష్టపఱచెను. సంస్థ తీసికొన్న చర్యను నిలబెట్టుటచేత, యజమాని కఠినముగా వ్యవహరించుట తప్పు గాదు, విధి యని ఈ తీర్పు తెలియజేసెను. అయినను విశాఖ నియమములు పెక్కుచోట్ల అమలు కాలేదని మేధా కోత్వాల్ లేలే అను నామె వేసిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు 2012 అక్టోబరులో మఱల హెచ్చరింపవలసివచ్చెను. తీర్పు వెలువడి అప్పటికి పదునయిదేండ్లు.

తుదకు పార్లమెంటు కదలెను. 2010 డిసెంబరులో ప్రవేశపెట్టిన బిల్లు 2012 సెప్టెంబరులో లోకసభ యామోదమును, 2013 ఫిబ్రవరిలో రాజ్యసభ యామోదమును పొంది, ఏప్రిలు 22న రాష్ట్రపతి సమ్మతి నంది, డిసెంబరు 9న అమలులోనికి వచ్చెను. దాని పేరులోనే నివారణ, నిషేధము, పరిష్కారము అను మూడు మాటలున్నవి. మొదటి మాట నివారణ యగుటను పాఠకులు గమనింతురు గాక.

చట్టపు 19వ సెక్షను యజమాని విధులను వరుసగా చెప్పుచున్నది. పనితావును భద్రముగా నుంచవలెను. ఆ భద్రత తోటి యుద్యోగుల నుండియే కాక, పనిమీద వచ్చిపోవు వెలుపలివారినుండి కూడ కలుగవలెను. వేధింపునకు గల దండనలను, విచారణసంఘము నియామకపుటుత్తరువును అందఱకు గనబడుచోట ప్రదర్శింపవలెను. ఉద్యోగులకు తఱచుగా బోధన జరిపింపవలెను. విచారణకు కావలసిన వసతులు కల్పింపవలెను. స్త్రీ పోలీసులకు ఫిర్యాదు చేయగోరినచో తోడ్పడవలెను. పదిమంది గాని అంతకంటె ఎక్కువమంది గాని పనిచేయుచోట అంతర్గత సంఘమును నియమింపవలెను. నియమింపని యజమానికి ఏబది వేల రూపాయల వఱకు జరిమానా కలదు. రెండవమాఱు అదే తప్పు చేసినచో శిక్ష యినుమడించుటయే గాక, వ్యాపారపు లైసెన్సుకూడ రద్దు కావచ్చును. పనితావనగా నాలుగు గోడలు మాత్రమే గాదు. పనిమీద పోయిన ప్రతిచోటును, యజమాని యేర్పఱచిన బండియు పనితావే. భటేరీ పొలమును తలచుకొన్నవారికి ఈ నిర్వచనపు విలువ బోధపడును.

ఇంక విమర్శకుల మాటలు వినవలయును. యజమాని నియమించిన సంఘము యజమాని మిత్రులను విచారింపగలదా యని యడుగువారు కలరు. ఈ సందేహము సామాన్యులది మాత్రమే గాదు. విశాఖ తీర్పు చెప్పిన వర్మగారే 2012 డిసెంబరు నాటి ఢిల్లీ దురంతము పిమ్మట నియమింపబడిన సంఘమునకు అధ్యక్షులై, 2013 జనవరిలో నివేదిక సమర్పించుచు, ఇంటిలోని సంఘమునకు మాఱుగా స్వతంత్రమైన ట్రిబ్యునలు ఉండవలెనని సూచించిరి. పార్లమెంటు ఆ సూచనను గైకొనలేదు. కావున వెలుపలి సభ్యుని లేక సభ్యురాలి నియామకమునందే ఈ యేర్పాటు ప్రాణమున్నది. యజమాని మాటకు తలయూపువారిని ఆ స్థానమున కూర్చుండబెట్టినచో చట్టము పాటింపబడినట్లు కనబడును, పాటింపబడదు.

అబద్ధపు ఫిర్యాదులవలన నిర్దోషులు చెడిపోవుదురని మఱికొందఱందురు. ద్వేషముతో తెలిసి తెలిసి చేసిన అబద్ధపు ఫిర్యాదుపై చర్య తీసికొనవచ్చునని చట్టములోనే కలదు. రుజువు చేయలేకపోవుట మాత్రము అబద్ధము గాదనియు అందే చెప్పబడినది. నిందితునికి న్యాయము జరుగుట ఈ చట్టమునకు విరోధము గాదు, అంగమే. గోవా విశ్వవిద్యాలయపు ఉపాధ్యాయుని తొలగింపు వ్యాజ్యమున 2023 మే 12న సుప్రీముకోర్టు చెప్పినది ఇదియే. తెలంగాణ హైకోర్టునకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా 2021లో పనిచేసిన హిమా కోహ్లీగారు వ్రాసిన ఆ తీర్పు, తొందరపాటుతో, చెప్పుకొన తగిన యవకాశమీయక జరిపిన విచారణను నిరాకరించి, ఆగిన చోటినుండి మఱల జరుపుమని యాజ్ఞాపించెను. తొందరపడిన విచారణవలన నిందితుడే గాదు, ఫిర్యాదు చేసిన స్త్రీలును నష్టపోయిరి. వారి మాట ఏండ్లు గడచినను తేలలేదు. విచారణ నెట్లు జరుపవలెనో సంఘమునకు నేర్పించుట కూడ యజమాని విధిలోనిదే.

అదే తీర్పులో న్యాయస్థానము చట్టపు టమలునందలి కొఱతలను జూచి ఖేదపడెను. ముప్పది జాతీయ క్రీడాసమాఖ్యలలో పదునాఱింటికి అంతర్గత సంఘములు లేవని ఒక పత్రిక ప్రకటించిన వార్త నందులో నుదాహరించెను. 2024 డిసెంబరులో అదే వ్యాజ్యమున, ప్రతి జిల్లాలోను అధికారిని నియమించి స్థానిక సంఘము నేర్పఱచవలెనని గడువు పెట్టి యాజ్ఞాపించెను. చట్టము అమలులోనికి వచ్చిన పదునొకండేండ్లకు ఈ యాజ్ఞ అవసరమైనది! పదిమందికి తక్కువ పనివారున్నచోటనుండియు, యజమాని మీదనే చేయు ఫిర్యాదులను వినవలసినది ఈ స్థానిక సంఘమే. కూలి పనులకు పోవు స్త్రీలకు, చిన్న యంగళ్లలో పనిచేయు బాలికలకు అదియే దిక్కు. అది లేనిచో వారికి చట్టము లేనట్లే.

ఇంతవఱకు యజమాని యనగా మిల్లుదారుడో, ప్రభుత్వమో, పెద్ద సంస్థయో యని పాఠకులు తలంచియుందురు. చట్టము మఱియొక యజమానిని గూడ పేర్కొనుచున్నది. ఇల్లును పనితావే. ఇంటిపనికి స్త్రీని పెట్టుకొన్న వ్యక్తిగాని, ఆమె పనివలన మేలు పొందు కుటుంబముగాని యజమానియే. ఆమె పూటపని మనిషియైనను, నెలజీతపు మనిషియైనను భేదము లేదు. 2010 నాటి బిల్లులో ఇంటి పనివారికి చోటు లేకుండెను. పార్లమెంటు స్థాయీసంఘము వారిని విడువరాదని చెప్పగా చేర్చిరి. ఇంటిపని స్త్రీ ఫిర్యాదు చేసినపుడు, అందు సత్యము గలదని పైకి తోచినచో స్థానిక సంఘము ఏడు దినములలో దానిని పోలీసువారి కంపవలెను.

ఈ పత్రికను చదువు కుటుంబములలో పనిమనిషి లేనివి తక్కువ. మన యింటి కోడలు కచేరీలో క్షేమముగా నుండవలెనని కోరుదుము. మన పెరటిలో అంట్లు తోము మనిషిని గూర్చి ఆ కోరిక మనకు కలుగుచున్నదా? ఇంటిలో ఎవరును లేని వేళ ఆమెను పనికి రమ్మనుచున్నామా? ఇంటి మగవారిలో గాని, వచ్చు బంధువులలో గాని ఒకని చూపు సరిగా లేదని ఆమె జంకుచు చెప్పినచో, మన మొదటి మాట ‘నీవేమి చేసితివి’ అనియా, ‘ఇక భయపడకు’ అనియా? ఆమె హఠాత్తుగా పని మానివేసినచో కారణమడుగుదుమా, మఱొకతెను వెదకికొందుమా? 1881లో యంత్రమునకు కంచె కట్టుమని మిల్లుదారుని శాసనము బలవంతపెట్టవలసివచ్చెను. ఇంటిలో ఆ పనికి అధికారి రాడు, తనిఖీ జరుగదు. ఇల్లాలును, ఇంటి యజమానియు తామే పూనుకొనవలెను.

కోడండ్రను, కొమార్తెలను ఉద్యోగమునకు బంపువారు ఆ సంస్థలో జీతమెంత, సెలవులెన్ని యని యడుగుదురు. దానితోపాటు, ‘మీ యంతర్గత సంఘమున నెవరున్నారు? ఆ యుత్తరువు ఏ గోడమీద నున్నది?’ అని కూడ నడుగ నలవాటు చేసికొందురు గాక. అడుగు కుటుంబములు పెరిగినకొలది, చూపవలసిన యజమానులును పెరుగుదురు. మన పల్లెలలో పనిచేయు ఆశా కార్యకర్తలును, అంగనవాడీ యుపాధ్యాయినులును భంవరీ దేవి చేసినట్టి పనినే నేడు చేయుచున్నారు. వారిని ఇంటింటికి పంపువారు, పంపుటకు ముందే, దారిలో వారికి కలుగు నాపదలను లెక్కించిరా యని పంచాయతీ సభలో నొకమాఱైన నడుగుట గ్రామములోని చదువరుల పని.